నడుంలోతు నీళ్లు

రత్నమాణిక్యం ఆఖరి గోంగూర కట్టకు అరటినార చుట్టి, పంటితో కొస తెంపి, నీళ్లలో ఒకసారి ముంచి గంపలో పెట్టింది. ఇంకా పొద్దు పొడవలేదు. గోదావరి మీద మంచు పొగలా కదులుతోంది. అడుగున బెండకాయలు, వాటి మీద వంకాయలు, అన్నిటికన్నా పైన ఆకుకూరలు సర్దింది. గంప మీద తడిగోనె కప్పి, కుచ్చెళ్లు ఎగదోపుకుని, గంపను మోకాలి మీదికి, అక్కణ్నుంచి నడుం మీదికి ఎత్తుకుంది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. పడవ గెడ వేసీ వేసీ అరచేతులు కాయలు కాశాయి. నుదురు మీద జుట్టు ముందుగా నెరిసింది. యాభై ఇంకా నిండలేదు గానీ, సంతలో అందరూ ఆమెను పిన్నిగారనే పిలుస్తారు.

భర్త దొరబాబు రెండో గంప మోసుకుంటూ వెనకే రేవులోకి వచ్చాడు. గంపను పడవలో దించి, పక్కకు జరిగి, నది వైపు మొహం తిప్పుకుని నిలబడ్డాడు. పడవ గొలుసుకు తాళం ఉంటుంది. దాని చెవి రత్నమాణిక్యం మంగళసూత్రాలకు పిన్నీసుతో వేలాడుతుంది. ఆమె తాళం తీసేటప్పుడల్లా అతను ఇలాగే మొహం తిప్పుకుంటాడు. ఎందుకలా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. అడగకపోయినా, ఆ క్షణాన మెడ దగ్గర ఏదో చురుక్కుమంటుంది.

"ఉప్పు నిండుకుంది," అన్నాడు.

"తెస్తానండి. చద్దన్నం మూకుట్లో పెట్టాను. ఎండెక్కకముందే తినెయ్యండి."

గెడ ఇసుకలోకి దిగింది. పడవ కదిలింది.

మేడిలంకలో ఇప్పుడు ఈ ఇద్దరే ఉంటున్నారు. ఒకప్పుడు నలభై గడప ఉండేది. వరద వచ్చినప్పుడల్లా నది లంకను ఒక పక్కనుంచి కోసుకుపోయింది. చివరికి ప్రభుత్వం గట్టు మీద స్థలాలిస్తే జనమంతా ఇళ్ల కప్పులు కూడా విప్పుకుని వెళ్లిపోయారు. మొండిగోడలు, తలలు తెగిన కొబ్బరిచెట్లు, లంక వెనక పాయ పొడవునా రెల్లుదుబ్బులు మిగిలాయి. రత్నమాణిక్యం తండ్రికి అక్కడ కొంచెం భూమి ఉండేది. మిగిలిన ముక్కలో తాటాకుల పాక వేయించి, రెండేళ్ల కిందట ఆమె భర్తను అక్కడికి తీసుకొచ్చింది. వరదల్లో మాత్రం కోటిపల్లి గట్టు మీదికి చేరి, నీళ్లు తీయగానే వెనక్కి వచ్చేస్తారు.

తీసుకొచ్చింది అనడమే సబబు. దొరబాబు ద్రాక్షారామం, యానాం మధ్య ఆటో తోలేవాడు. యానాంలో మందు చవక. ముందు రాత్రిపూట తాగేవాడు, తర్వాత మధ్యాహ్నం, ఆ తర్వాత పొద్దున మొహం కడుక్కునే ముందే. ఒకనాడు బడిపిల్లలతో ఆటోను కాలవలోకి దించేశాడు. ప్రాణాలు పోలేదు. ఒక పాప మోచెయ్యి విరిగింది. ఆసుపత్రి వరండాలో ఆ పాప తల్లి రత్నమాణిక్యాన్ని ఒక్కమాట కూడా అనలేదు, ఊరికే చూసింది. ఆ చూపు భరించలేక, మందు దొరకని చోటు ఈ భూమ్మీద ఎక్కడుందా అని వెతికితే ఆమెకు పుట్టిన ఊరు గుర్తొచ్చింది.

మొదటి రోజులు తలుచుకోవడానికి ఆమెకు ఇప్పటికీ ధైర్యం చాలదు. అతని చేతులు వణికేవి. ఒంటి మీద గండుచీమలు పాకుతున్నాయని చర్మం గీరుకునేవాడు. డాక్టరిచ్చిన మాత్రలు పనిచేసేదాకా కొబ్బరితాడుతో మంచానికి కట్టింది. కడుతున్నంతసేపూ "కాసేపేనండీ, కాసేపోర్చుకోండి" అని మర్యాద తప్పకుండా అంటూనే కట్టింది. ఆ తాడు మచ్చ అతని ఎడమ మణికట్టు మీద ఇంకా ఉంది. అన్నం వడ్డించేటప్పుడు ఆమె ఆ చేతి వైపు చూడదు.

తర్వాత నెమ్మదిగా మనిషయ్యాడు. పొట్ట తగ్గింది. చెలమ తవ్వాడు, మళ్లు కట్టాడు, కుండలతో నీళ్లు మోసి వండ్రుమట్టిలో బంగారంలాంటి వంకాయలు పండించాడు. మొన్న దసరాకు, ఇంక భయం లేదనుకుని, యానాంలో ఉన్న అతని అక్క మీనాకుమారి ఇంటికి తీసుకెళ్లింది. మర్నాటికి దొరబాబు గోదావరి కట్ట మీద బోర్లా పడి ఉన్నాడు. పడవకు తాళం పడింది అప్పుడే.

కోటిపల్లి రేవులో దిగి, గంపలు ఒకదాని తర్వాత ఒకటి మోసుకుంటూ రత్నమాణిక్యం దేవకుమారి టిఫిన్ హోటలుకు వచ్చింది. లంకలో కరెంటు లేదు. ఫోను దేవకుమారి దగ్గరే ఉంటుంది, ఇడ్లీపాత్ర పక్కన చార్జింగులో. దొరబాబుకు ఫోను లేదు. తనే వద్దన్నాడు.

దేవకుమారి ఫోను అందిస్తూ, "నీ ఫోను తెల్లారుజాము నుంచీ మోగుతూనే ఉందే. యానాం నుంచనుకుంటా," అంది.

వారం పైగా ఆ ఫోను మోగుతోంది. మీనాకుమారికి లివరు పాడైందట, పొట్టంతా నీరు పట్టిందట. సీసా ముట్టని మనిషికి ఆ జబ్బు వచ్చింది. కొడుకు నిరంజన్ రోజూ ఫోను చేసి, "అమ్మ మావయ్యని అడుగుతోందత్తయ్యా," అనేవాడు. "పంటనీళ్ల పనిలో ఉన్నారురా. వారం చివర్లో తీసుకొస్తాను," అనేది ఆమె. దొరబాబుతో మాత్రం ఒక్కమాట చెప్పలేదు. మొన్న మీనాకుమారే మాట్లాడింది. గొంతు అడుగంటిపోయింది.

"మాణిక్యం, వాణ్ని నా చంకలో పెంచానే. అమ్మ పోయేనాటికి వాడికి నడకైనా రాదు. ఒక్కసారి మొహం చూపించు. నువ్వూ పక్కనే ఉండు. కావాలంటే చెయ్యి పట్టుకునే ఉండు, వదలకు."

"సరే వదినా," అంది రత్నమాణిక్యం. తీసుకెళ్లలేదు.

నిరంజన్‌కు ఫోను కలిపింది.

"అమ్మ పోయిందత్తయ్యా," అన్నాడు. ఏడుపు అయిపోయిన గొంతు. "మావయ్య కోసం మధ్యాహ్నం దాకా ఉంచుతాం. ఇప్పుడు బయల్దేరితే అందుకుంటారు. తీసుకురా."

"ఆఁ," అంది. ఫోను పెట్టేసింది.

దేవకుమారి విషయం విని పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. "నిలబడ్డావేంటి? గంపలు ఇక్కడ పడేసి పో. ఆయన్ని తీసుకురా. ఆటో నేను మాట్లాడిపెడతాను."

"చావింట్లో ఏముంటుందో నీకు తెలీదా దేవీ. మోసేవాళ్లకీ, డప్పులవాళ్లకీ సీసాలు తప్పవు. అదీ యానాంలో. సొంత తమ్ముడు ఏడుస్తుంటే పక్కన ఎవడో ఒకడు గ్లాసు అందిస్తాడు."

"అయితే?"

"అయితే మళ్లీ కట్టాలి నేను," అంది రత్నమాణిక్యం. "ఈసారి నా వల్ల కాదు."

దేవకుమారి పెనం మీద మాడుతున్న అట్టు వాసనకు వెనక్కి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేసరికి రత్నమాణిక్యం గంపలతో సంతలో తన చోటికి చేరింది.

రోజూ లాగే గోనె పరిచింది. వంకాయలు కుప్ప పోసింది. బోణీ బేరం చేసిన ఆవిడ బెండకాయల తోకలు విరిచి విరిచి చూస్తుంటే ఏమీ అనలేదు. తూచింది, పొట్లం కట్టింది, కొసరు వేసింది. మధ్యమధ్య చేతులు ఆగిపోయేవి. ఇప్పుడు లేచినా అందుకోవచ్చు, అనుకునేది. ఈ గోంగూర కట్టలు అయిపోనీ, అనుకునేది. గోంగూర అయిపోయింది. వంకాయలు మిగిలాయి. సంత రేకుల నీడ ఆమె గోనె మీదినుంచి జరుగుతూ జరుగుతూ కాళ్ల దగ్గరికి ముడుచుకుంది. బడిలో మధ్యాహ్నం గంట కొట్టారు.

ఆ గంట వినగానే ఆమె ఒళ్లు తేలికపడింది. ఇక చేసేదేమీ లేదు. ఇక ఎవరూ తీసుకురమ్మని అడగరు. గట్టిగా ఊపిరి వదిలింది. వదిలిన వెంటనే తను దేనికి ఊపిరి పీల్చుకుందో తెలిసివచ్చింది. ఒక మనిషి చితి మీదికి చేరినందుకు తనకు హాయి కలిగింది. ఆ మనిషి తన పెళ్లిలో తన కాళ్లకు పసుపు రాసిన మనిషి. రత్నమాణిక్యం మిగిలిన వంకాయలు ఎదురుగా కట్టేసి ఉన్న గేదె ముందు పోసేసి, ఉప్పూ పాలప్యాకెట్టూ కొనుక్కుని రేవుకు నడిచింది.

తిరిగి వచ్చేసరికి ఎండ వాలుతోంది. దొరబాబు రేవులోనే ఉన్నాడు. నీళ్లలోకి దిగి పడవ ముక్కు పట్టుకుని ఒడ్డుకు లాగాడు. వీపు మీద ఎముకలు కదిలాయి. జుట్టు మొన్న ఆమే కత్తిరించింది, ఒక పక్క ఎక్కువ పోయింది. ఖాళీ గంపలు చూసి, "అన్నీ అమ్ముడుపోయాయే!" అన్నాడు. మనిషి మొహం వెలిగింది.

పొయ్యి అప్పటికే రాజేసి ఉంది. పాలు పోసి, అల్లం చితక్కొట్టి, రెండు గ్లాసుల్లో టీ వంచాడు. ఒకటి ఆమెకిచ్చి, తనది చల్లారడానికి పీట మీద పెట్టుకున్నాడు. అతనికి వేడి టీ పడదు. దోసపాదుకు పిందె దిగిందని, రేపటికి కర్రలు పాతాలని చెబుతున్నాడు. రత్నమాణిక్యం వింటూ టీ తాగింది. ఈ గుక్క తర్వాత చెబుదాం, అనుకుంది. గ్లాసు ఖాళీ అయింది.

"మీనా వదిన పోయిందండీ."

అతని చేతిలోని పుల్ల పొయ్యిలో పడింది.

"ఎప్పుడూ?"

"తెల్లారుజామున. మధ్యాహ్నం తీసేసుంటారు."

పొయ్యిలోంచి ఇంకో పుల్ల బయటికి లాగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

ఇప్పుడే, పడవెక్కేముందు అనే మాట ఆమె నాలుక చివరనే ఉంది. దారి పొడవునా గెడ వేస్తూ తయారు చేసుకున్న మాట. చెబితే నమ్ముతాడు కూడా.

"పొద్దున్నే తెలిసింది. మీ కోసం ఉంచుతామన్నారు. అంతకుముందు వారం నుంచీ మిమ్మల్ని చూపించమని వదిన అడుగుతూనే ఉంది. నాతోనే మాట్లాడింది. నేనే చెప్పలేదు."

"తాగుతాననా?"

"ఆఁ."

అరుస్తాడనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది. దొరబాబు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఏదో పాత విషయం చెబుతున్నట్టుగా చెప్పాడు.

"వెనక పాయ మేట వేసేసింది మాణిక్యం. మాఘమాసం నుంచీ నడుంలోతు నీళ్లే. నువ్వు సంతకెళ్లాక రోజూ దాటుతున్నా."

ఆమెకు అర్థం కాలేదు. వెనక పాయ వైపు రెల్లుదుబ్బుల్లో పాములుంటాయని ఆమె ఎప్పుడూ వెళ్లదు. తను ఎరిగిన పాయ ఏనుగు మునిగే పాయ.

"అవతలి గట్టు మీద కూచుంటా. అక్కణ్నుంచి చూస్తే బెల్టుషాపు నీలం తలుపు కనపడుద్ది. జేబులో డబ్బులు కూడా ఉండేవి, గట్టు మీద పోయేవాళ్లకి నాలుగు వంకాయలమ్మినవి. కాసేపు కూచుని, లేచి, మళ్లీ నీళ్లలో పడి వచ్చేసేవాణ్ని. ఒక్కరోజు కూడా గట్టు దిగలేదు. వేసవంతా ఇలాగే గడిపి అప్పుడు చెబుదామనుకున్నా. నిన్ను పిలిచి, ఆ పాయ చూపించి చెబుదామని."

రోజూ సాయంత్రం తడిపంచె ఎందుకు ఆరేసి ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. స్నానం చేశాడనుకునేది. మెడలోని తాళంచెవి చర్మానికి అంటుకుపోయినట్టుంది. ఏదైనా అనాలి. క్షమించమనాలి. ఏ తప్పుకని మొదలుపెట్టాలో తెలియక, "నాకు చెప్పాల్సిందండీ," అంది.

"నువ్వు కూడా," అన్నాడు దొరబాబు.

రేవులో తలమీద నీళ్లు పోసుకున్నాడు. పెట్టెలోంచి ఉతికిన చొక్కా తీశాడు. ఆమె పడవ వైపు అడుగు వేస్తే వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"నడిచే పోతా."

"నేనూ వస్తాను."

"వద్దు. నువ్వొస్తే అందరూ నిన్నే అడుగుతారు, ముందే ఎందుకు తీసుకురాలేదని. అక్కడ నీ తరఫున ఏం చెప్పాలో నాకు తెలీడంలేదు."

"పెద్దకర్మ అయ్యాక వస్తారా?"

అతను వినలేదో, విన్నాడో. రెల్లు మధ్యనుంచి నడిచాడు, ఆమె కాస్త దూరంగా ఒడ్డు దాకా వెనకే వెళ్లింది. అక్కడ మనిషి పట్టేంత సన్నటి బాట పడి ఉంది. ఎంత నడిస్తే అంత బాట పడుతుందో ఆమెకు తెలుసు. పాయ ఒడ్డున పంచె ఎగ్గట్టి, చొక్కా తలకు చుట్టుకుని, దొరబాబు నీళ్లలోకి దిగాడు. మోకాళ్లు మునిగాయి, తొడలు మునిగాయి. నడుం దగ్గర నీళ్లు ఆగిపోయాయి. అక్కణ్నుంచి అవతలి దాకా అంతే. చేతులు రెండూ కొంచెం ఎత్తి పట్టుకుని, తొందర లేకుండా దాటాడు.

అవతలి గట్టు ఎక్కి చొక్కా తొడుక్కున్నాడు. గడ్డి అరిగి నేల బయటపడిన చోట కాసేపు కూచున్నాడు. భుజాలు కదిలాయి, ఏడుస్తున్నట్టుంది. తర్వాత లేచాడు. గట్టు మీద దారి రెండుగా చీలుతుంది. ఎడమపక్కకు వెళితే బస్సుల రోడ్డు. కుడిపక్క కొబ్బరిచెట్ల కింద నీలం రంగు తలుపు.

రత్నమాణిక్యం మెడ చాచి చూస్తోంది. తను దేనికోసం చూస్తోందో తెలిసివచ్చింది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతను ఇంకా అడుగు వేయకముందే వెనక్కి తిరిగింది. తిరిగి చూడకుండా రెల్లులోంచి పాక దాకా నడిచింది.

పొయ్యిలో నిప్పులు నల్లబడ్డాయి. పీట మీద దొరబాబు గ్లాసు నిండుగా అలాగే ఉంది, చల్లారిన టీ మీద మీగడ ముడతలు పడి.