తుంగ చాప మీద అయిదు నిమిషాలు

నేను ఒక తుంగ చాపను. అవనిగడ్డ దగ్గర మడుగులో మొలిచి, గట్టు మీద ఎండి, ఇద్దరు ఆడవాళ్ళ చేతుల్లో ఒక్క పూటలో చాపనయ్యాను. సంతలో నన్ను కొన్నవాడు కరెంటు లైన్‌మన్ అభిషేకం. ప్రార్థన కోసమే కొంటున్నానని అమ్మే ఆమెకు రెండుసార్లు చెప్పాడు. ఆమె అడగలేదు.

ఆ జనవరి ఒకటిన చర్చిలో లేచి, ఇకనుంచి రోజూ తెల్లవారుజామున గంటసేపు ప్రార్థిస్తానని సాక్ష్యం చెప్పి వచ్చాడు. మొదటి రోజు గంట నిండింది. మూడో రోజుకు అరగంట. ఆరో రోజు మోకరించినవాడు అలాగే పక్కకు ఒరిగి నా మీద గురకపెట్టాడు. పదో రోజున నన్ను చుట్టి మూలన నిలబెట్టాడు. ఆయన భార్య కరుణమ్మ నా మీద మిరపకాయలు ఆరబోసుకుంది. మరుసటి ఏడూ ఇదే వరస. మనుషులు దేవుడికి పెద్ద మాట ఇవ్వడానికి వెనుకాడరు, చిన్న మాట ఇవ్వడానికే నామోషీ పడతారు.

మూడో జనవరిలో మళ్ళీ గంట అనబోతుంటే కరుణమ్మ అడ్డుపడింది. "గంట ఎవరడిగారండీ మిమ్మల్ని? డ్యూటీకెళ్ళే ముందు అయిదు నిమిషాలు మోకాళ్ళేయండి. రేపూ వేయండి. అంతే."

వేశాడు. మధ్యలో జ్వరం వచ్చి రెండు రోజులు తప్పాయి. "పోయిందిలే, ఇంకెందుకు," అన్నాడు. "నిన్న అన్నం తినలేదని ఇవాళ కూడా పస్తుంటారా?" అందామె. మళ్ళీ మోకరించాడు.

తోటి లైన్‌మన్ల పేర్లు ఒక్కొక్కటే దేవుడికి చెప్పుకునేవాడు. వీర్రాజు పేరు దగ్గర మాత్రం ఆగిపోయేవాడు. అభిషేకం స్తంభం మీద ఉండగానే వీర్రాజు చూసుకోకుండా కింద లైనుకు కరెంటు ఇచ్చేశాడు. అభిషేకం ఒక్క క్షణం ముందు తీగ మీంచి చేయి తీశాడు కాబట్టి మనిషి మిగిలాడు. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. ఎప్పుడో ఒకసారి చేసే గంట ప్రార్థనలో ఆ పేరును దాటిపోవచ్చు. రోజూ చేసే అయిదు నిమిషాల్లో అది రోజూ ఎదురు నిలబడుతుంది. నలభై రోజులు దాని ముందు ఆగిపోయాడు. ఆ మర్నాడు, "ప్రభువా, వీర్రాజు కూడా," అని లేచి, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటికి నడిచాడు.

సాయంత్రం కరుణమ్మ అడిగింది, "వీర్రాజు ఏమన్నాడు?"

"ముందు నేనే పలకరించాను. 'తప్పు నాదేరా, ఆ రోజు నుంచీ నాకు నిద్ర లేదు' అన్నాడు వాడు. తర్వాత స్తంభం ఎక్కాను. కింద తాడు వాడే పట్టుకున్నాడు."

ఆమె అన్నంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

అది జరిగి పదకొండేళ్ళు. ఇప్పుడు లోపల కొత్త చాప ఉంది. నేను వరండాలో ఉంటున్నాను. సెలవు రోజున వీర్రాజు వచ్చి నా మీద కూర్చుని టీ తాగుతాడు. అందరి చాపలూ అంచుల దగ్గర చిరుగుతాయి. నా అంచులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. నేను చిరిగింది పక్కపక్కన రెండే చోట్ల, రెండు మోకాళ్ళంత మేర.