దీపం ఆరిన బావి

మల్లేష్‌ను నేను పిరికివాడన్నాను. నలుగురి ముందు, మా ఇంట్లో, మా ఉప్మా తింటున్న మనిషిని. అతన్ని మళ్లీ మా బల్ల దగ్గరికి రప్పించుకోడానికి నేను పడ్డ తిప్పలు చెప్పాలంటే ముందు ఆ మాట ఒప్పుకోవాలి. అందుకే దాచకుండా మొదటే చెప్పేస్తున్నాను.

నా పేరు సత్యశ్రీ. కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. నా సంతకం పడనిదే అక్కడ ఒక్క డ్రమ్ము గేటు దాటదు. మా నాన్న భీమవరం వైపు నుంచి ప్లాంటు ఉద్యోగానికొచ్చి పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్నాడు. ఆ డాబా మీది గదిలో ప్రతి ఆదివారం పొద్దున పదింటికి మేం నలుగురం కూర్చుని ఆట ఆడతాం. పేకాట కాదు, క్యారమ్స్ కాదు. కథ ఆట.

ఒకరు కథ నడుపుతారు, వాళ్లని గేమ్ మాస్టర్ అంటారు. అది నేను. మిగతావాళ్లకి తలొక పాత్ర. కోట ముందున్నారు, తలుపు మూసుంది, ఏం చేస్తారు అని నేనడుగుతాను. గోడెక్కుతామనో, కాపలావాణ్ణి బతిమాలుకుంటామనో వాళ్లు చెబుతారు. అది కుదురుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే కుదిరినట్టు, చిన్నది పడితే లేనట్టు. ఇంతే ఆట. ఇంత చిన్న దానికి మేం పడ్డ గొడవలు మాత్రం అన్నీ ఇన్నీ కావు.

తప్పంతా నాదేననుకోండి. నేను కథని కూడా ల్యాబ్‌లో పద్ధతి రాసినట్టు రాస్తాను. రెండొందల పేజీల రిజిస్టరులో ఏ వారం ఏం జరగాలో ముందే రాసిపెట్టుకుని, వాళ్లు అటూ ఇటూ కదిలితే ఒళ్లు మండిపోయేది. ఒకసారి నా కింద పనిచేసే నిషిత, అడవిలో ఎదురైన బందిపోటుతో పోట్లాడకుండా స్నేహం మొదలుపెట్టింది. వాడి పెళ్లాం పిల్లల గురించి అడగడం, వాడు కన్నీళ్లు పెట్టుకోవడం. నా కథలో వాడు ఆ సాయంత్రానికి చావాలి. పిడుగు వేయించి చంపేశాను. నిషిత రెండు వారాలు నాతో క్యాంటీన్లో కూర్చోలేదు. ఇంకోసారి భానూర్ నుంచి వచ్చే చంద్రకాంత్ రాజుగారి గుర్రాన్ని తీసుకెళ్లి సంతలో అమ్మేశాడు. అదేంట్రా అంటే, గుర్రం నాకిచ్చినంక నాదే గదక్కా అన్నాడు. దానికీ ఏదో శిక్ష వేశాను. పరీక్ష అట్ట అడ్డం పెట్టుకుని వెనకాల పాచికలు వేసి, నాకు కావలసిన అంకె పడిందని చెప్పిన రోజులు కూడా ఉన్నాయి. వాళ్లకి తెలుసు. తెలిసీ వచ్చేవాళ్లు.

మల్లేష్ అలాంటి పేచీలు పెట్టేవాడు కాదు. చంద్రకాంత్‌తో పాటు ఒకే షెడ్డులో ప్రెస్ మెషిన్ మీద పని అతనిది, ఊరు కర్దనూర్. ముప్పై అయిదేళ్లుంటాయి. మాట తక్కువ. ఆటలో అతనిది భైరవుడనే సిపాయి పాత్ర, మా దండు మొత్తానికి బలశాలి. గొడవైనప్పుడల్లా అతను టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి, మేం చల్లబడ్డాక వచ్చి కూర్చునేవాడు. అతనొక్కడే నా మాట వింటాడని నాకు లోలోపల గర్వం కూడా ఉండేది.

ఆ ఆదివారం నా రిజిస్టరులో బావి ఘట్టం. పాడుబడ్డ కోటలో పాత బావి. నిషిత ఆడే పాత్రకి ఒక అన్న ఉంటాడు, వాడు నిధి కోసం అందులోకి దిగి కిందపడి మూలుగుతుంటాడు. భైరవుడు దూకి వాణ్ణి పైకి తేవాలి, రాజు మెచ్చి సేనాపతిని చెయ్యాలి. మల్లేష్‌కి ఇన్నాళ్లకి ఒక పెద్ద గౌరవం ఇద్దామని నెలరోజులు కూర్చుని రాశాను.

ఏం చేస్తావు మల్లేష్ అన్నాను. తాడుకి లాంతరు కట్టి ముందు అది కిందికి దింపుతానన్నాడు. నాకు ముచ్చటేసింది. చీకటి బావి, వేలాడే లాంతరు, బాగుంటుంది కదా. గొంతు తగ్గించి, సగం దూరం వెళ్లేసరికి దీపం రెపరెపలాడి ఆరిపోయింది అన్నాను. భయం పుట్టించడానికి అన్న మాట అది. అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు.

మల్లేష్ చేతిలో పాచిక బల్ల మీద పెట్టేశాడు.

"దీపం ఆరిందంటే లోపట గాలి లేదక్కా. నేను దిగ. ఎవ్వల్ని దిగనియ్య."

నేను నవ్వాను. గాలీ లేదు గీలీ లేదు, అది ఉత్త బావి, రాసింది నేను అన్నాను. దీపం ఆరిందన్నది నువ్వే గదా అన్నాడు. గాలికి ఆరిందనుకో అన్నాను. బావిలో గాలెక్కడిది అన్నాడు. కింద మనిషి మూలుగుతున్నాడని ఇంకోసారి గుర్తు చేశాను. పక్కూరికి పోయి కమ్మరి తిత్తి తెస్తాననీ, పొడుగు గొట్టం పెట్టి ముందు గాలి కొడతాననీ అన్నాడు. తిత్తి తెచ్చేసరికి వాడు చస్తాడన్నాను. అయినా దిగనన్నాడు. నిషిత అతని వైపే మాట్లాడింది, చంద్రకాంత్ తల దించుకుని కూర్చున్నాడు. నెల రోజుల నా కష్టం బల్ల మీద బూడిదైపోతుంటే నాకు ఒళ్లు తెలియలేదు.

"భయమైతే భయమని చెప్పు మల్లేష్. తోటి మనిషి చస్తుంటే ఒడ్డున నిలబడి రూల్స్ చెప్పే పిరికివాళ్లకి నా ఆటలో చోటు లేదు."

అతను నా మొహంలోకి ఒకసారి చూశాడు. కోపంగా కాదు. తినడం సగంలో ఉన్న ప్లేటు తీసుకెళ్లి సింకులో కడిగి బోర్లించి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. సాయంత్రానికి మా వాట్సాప్ గ్రూపులోంచి కూడా వెళ్లిపోయాడు.

పోతే పోనీ అనుకున్నాను, నాలుగు రోజులు. అయిదో రోజు చంద్రకాంత్ డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

రెండేళ్ల కింద ఎండాకాలంలో కర్దనూర్‌లో అంజయ్య అనే రైతు, ఎండిపోయిన పాత బావిలో పూడిక తీద్దామని దిగాడట. దిగినవాడు దిగినట్టే కూలబడిపోయాడు, పిలిస్తే పలకలేదు. అతని తమ్ముడు యాదన్న పరుగున వచ్చి దిగబోయాడు. పక్క చేలో ఉన్న మల్లేష్ వచ్చి యాదన్నని నడుం దగ్గర పట్టేశాడు. షెడ్డులో భద్రత గురించి ఏడాదికోసారి చెప్పేది అదేనట. ట్యాంకులోనో గోతిలోనో ఒకడు పడితే, లోపలి గాలి సంగతి తేలకుండా రెండోవాడు దిగకూడదు, దిగితే రెండు శవాలు. ఫైరింజను వచ్చేదాకా నలభై నిమిషాలు మల్లేష్ ఆ మనిషిని వదల్లేదు. యాదన్న కొరికిన పంటి గాట్లు ఇంకా అతని ముంజేతి మీద ఉన్నాయి. అంజయ్య బతకలేదు.

"ఊరంత గదే మాటక్కా. తానూ దిగలే, దిగేటోన్నీ దిగనియ్యలే, పిరికోడు అని. యాదన్న అయితే ఎదురొస్తే తొవ్వ మారుతడు. ఈడ నీ ఆటల జెర నవ్వుతుండె. నువ్వు సుత గదే మాట అంటివి."

నాకు తల కొట్టేసినట్టయింది. చంద్రకాంత్ వెళ్లాక చాలాసేపు ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఊరు ఊరంతా రెండేళ్లుగా అంటున్న మాటని, పోయి పోయి అతను ఊపిరి పీల్చుకోడానికొచ్చే చోట నేను అన్నాను.

శనివారం పర్మిషన్ పెట్టి స్కూటీ మీద కర్దనూర్ వెళ్లాను. మల్లేష్ వాళ్లమ్మ సత్తెమ్మ గారు చేను వైపు చెయ్యి చూపించింది. అతను టమాట మొక్కలకి కర్రలు పాతుతున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, రమ్మనీ అనలేదు. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ నోట్లోనే ఆగిపోయాయి. తప్పయిపోయింది మల్లేష్ అన్నాను. అంతే వచ్చింది.

అతను ఇంకో కర్ర పాతాడు. తర్వాత నేననుకోని ప్రశ్న అడిగాడు.

"నీ బుక్కుల ఏం రాసినవక్కా? గా బావిల నిజంగ గాలి ఉండెనా?"

అబద్ధం చెబితే సరిపోయేది. చెప్పబుద్ధి కాలేదు. గాలి గురించి నేనసలు ఆలోచించలేదన్నాను.

"అయితే దిగినోడు బతుకుతుండె."

"నేను రాసినదాని ప్రకారం బతికేవాడు."

"రోజూ నాకదే," అన్నాడు మట్టి చేతులు చూసుకుంటూ. "అంజన్న బావిల జెరంత గాలి ఉండెనేమో. నేను దిగితే బతికేటోడేమో. యాదన్నను ఇడిస్తే తెచ్చుకునేటోడేమో. ఫైరోళ్లు మిషిను పెట్టి సూసి చెప్పిన్రు, దిగినోడు దిగినట్టే పోతుండెనని. ఆళ్లు చెప్పినా నమ్మబుద్ధి కాదు."

నేను సంచిలోంచి రిజిస్టరు తీశాను. దాన్ని అతని ముందు చింపి పారేద్దామనే తెచ్చాను. కానీ మా ల్యాబ్‌లో తప్పు రాసిన కాగితాన్ని చింపకూడదు, చెరపకూడదు, తెల్ల ఇంకు పూయకూడదు. తప్పు మీద ఒకే ఒక్క గీత కొట్టాలి, కింద ఏం రాసుందో రేపొచ్చినవాడు కూడా చదివేలా. పక్కన సరైనది రాసి, కారణం రాసి, సంతకం, తేదీ. పద్నాలుగేళ్లుగా చేస్తున్న పని అది. గట్టు మీద కూర్చుని, "దూకిన వీరుడికి సేనాపతి పదవి, దూకనివాడికి అపకీర్తి" అన్న వాక్యం మీద గీత కొట్టాను. పక్కన ఇలా రాశాను: బావిలో గాలి లేదు. భైరవుడు సరిగ్గా గుర్తించాడు. తప్పు రాసింది గేమ్ మాస్టర్. సంతకం పెట్టి తేదీ వేసి అతని చేతికిచ్చాను.

అతను చాలాసేపు చదివాడు. నాలుగు ముక్కలకి అంతసేపు అక్కర్లేదు. తర్వాత రేపు వస్తానన్నాడు. వస్తే ఆ బావి దగ్గరే మొదలుపెట్టాలనీ, దాటేసి ముందుకు పోవద్దనీ అన్నాడు.

ఆదివారం అట్ట అడ్డం తీసేశాను. పాచికలు అందరి ముందే పడాలి, ఏది పడితే అదే. నిషిత అన్న బావిలో ఉన్నాడు, దీపం ఆరింది, ఏం చేస్తారు అని అడిగాను. చంద్రకాంత్ తిత్తి కోసం పక్కూరికి పరిగెత్తాడు. పాచికలో మూడు పడింది, అంటే ఆలస్యం. నా చెయ్యి దురదపెట్టింది, పోనీలే పదమూడు అనుకుందామని. నోరు మూసుకున్నాను. ఈలోపు నిషిత లేచి నిలబడింది. అది ఆడుతోందో నిజంగానే అంటోందో నాకిప్పటికీ తెలీదు. నా అన్న, నేను చూస్తూ ఊరుకోను, దూకుతున్నాను అంది.

దూకకుండా ఆమెని పట్టుకోడానికి మల్లేష్ పాచిక వెయ్యాలి. పంతొమ్మిది పడింది.

పట్టుకున్నావు అన్నాను. నిషిత వదలమని అరిచింది. నువ్వు మనిషివేనా, నీ అన్నైతే ఇలాగే నిలబడతావా అని తిట్టింది. ఆపేద్దామా అని నేను మల్లేష్ వైపు చూశాను. అతను వద్దన్నట్టు తలూపి, నిషితతో అన్నాడు.

"తిట్టు. ఎంత తిడతవో తిట్టు. బతికుండి తిట్టు."

నిషిత మెల్లగా కూర్చుంది. తిత్తి వచ్చింది, గాలి కొట్టారు, కొత్త దీపం అడుగుదాకా ఆరకుండా వెళ్లింది, భైరవుడు నడుముకి తాడు కట్టుకుని దిగాడు. పైకి తెచ్చింది శవాన్నే. మూడు పడ్డప్పుడే అది తేలిపోయింది. నేను మార్చలేదు, మార్చమని ఎవరూ అడగలేదు.

మామూలుగా అయితే ఆ తర్వాత ఏం జరగాలో నా రిజిస్టరులో రాసుంటుంది. ఆ రోజు పేజీ ఖాళీగా ఉంచాను. ఇప్పుడు ఏం చేస్తారని అడిగాను. భైరవుడు చనిపోయినవాడి చెల్లెలి ఇంటికి పోతాడన్నాడు మల్లేష్. తలుపు తీయకపోతే బయటే నిలబడతాడు. లోపలికి పిలిచేదాకా కాదు, తిట్టేదాకా. తిట్టడానికైనా తలుపు తీస్తుంది కదా అన్నాడు. పాచిక వెయ్యమంటావా అని అడిగితే, దీనికి పాచిక ఎందుకక్కా అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం నేను ల్యాబ్‌లో ఉండగా ఫోను మోగింది. మల్లేష్. డ్యూటీ టైములో ఎప్పుడూ చెయ్యడు. ఏమైంది అన్నాను.

"యాదన్న ఇంటికి పోయినక్కా. అర్ధగంట తిట్టిండు. ఒక్క మాట మాట్లాడలే నేను. తిట్టి తిట్టి, ఇగ కూసో అన్నడు."

కూర్చున్నావా అని అడిగాను. ఇంకా ఆన్నే ఉన్నక్కా, లోపట చాయ్ పెడుతున్రు అన్నాడు. ఫోను పెట్టేశాను. అందరూ చూస్తుండగానే, చేతులకి గ్లౌజులతోనే ఏడ్చాను.