రోజుకో గుడ్డు

ఆరు వందల కౌజుపిట్టలకు మేత కలుపుతోంది ఆమె. మోచేతుల దాకా తవుడు. భర్త గుమ్మంలోంచే అన్నాడు: "ఎల్లుండి వీటన్నిటినీ మాంసానికి ఇచ్చేస్తున్నా. తిని కూర్చోవడం తప్ప గుడ్డు పెట్టే ధ్యాసే లేదు."

తిని కూర్చోవడం అన్న మాట ఆమెకు కొత్త కాదు. రెండో కాన్పయ్యాక పాలు తగ్గితే అత్తగారన్నదీ, నడుంనొప్పితో ఒక పూట పడుకుంటే భర్త అన్నదీ అదే. తెల్లారేసరికి షెడ్డు ఊడ్చి, నీళ్లు మార్చి, గుడ్లేరి, ఆపైన ఇంటి పని అందుకునే తను అసలెప్పుడు కూర్చుందో గుర్తు లేదు. అయినా ఆ మాట విన్నప్పుడల్లా, నిజమేనేమో, తనలోనే ఏదో బద్ధకం ఉందేమో అనిపించేది.

మధ్యాహ్నం పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఒక పిట్టను పట్టుకుని రొమ్ము తడిమింది. కండ లేదు, ఎముక చేతికి తగులుతోంది.

"సోయా పిండి తగ్గించారా?"

"కొంచెం. బదులు తవుడు పెంచా. కడుపైతే నిండుతోందిగా," అన్నాడు భర్త.

"కడుపు నిండితే చాలదండీ. గుడ్డులోని మాంసకృత్తులు పూసల దండల్లాంటివి. వాటిలో కొన్ని పూసలు పిట్ట సొంతంగా చేసుకోలేదు, మేతలోంచే రావాలి. మిథియోనిన్ అలాంటిదే. అది తగ్గితే మిగతావెన్నున్నా దండ అక్కడే ఆగిపోతుంది. కొన్నాళ్లు తన కండ కరిగించుకుని మరీ గుడ్డు పెడుతుంది. ఇక చేతకానప్పుడు మానేస్తుంది."

"ఎంత మొండివో!" అంది అత్తగారు.

"మొండితనం కాదమ్మా. పిట్ట చూస్తే రెండొందల గ్రాములు. గుడ్డు పది గ్రాములు. అదీ దాదాపు రోజూ."

ఆమె మనసులో లెక్క వేసుకుంది. తను అరవై కిలోలు. అందులో ఇరవయ్యో వంతు మూడు కిలోలు. పెద్దది పుట్టినప్పుడు సరిగ్గా అంతే ఉంది.

"అంటే... మనం రోజుకో బిడ్డను కన్నట్టు," అని పైకే అనేసింది.

ఏడుగురిని కన్న అత్తగారు బోను దగ్గరికి నడిచి, అరచేతిలో ఇమిడిపోయే ఆ ప్రాణుల్ని వంగి చూసింది. "రోజుకొకటే!" అంది.

ఆమె భర్తను పది రోజులు ఆగమంది. డాక్టరమ్మ చెప్పినట్టు సోయా పెంచింది. కిలో మేతకు గ్రామున్నర చొప్పున డాక్టరమ్మ రాసిచ్చిన తెల్లటి మిథియోనిన్ పొడిని వంటింటి తూకం మీద తూచింది. అంత కొంచెం పొడి అంత మేతలో సమంగా కలవదని, ముందు గుప్పెడు మొక్కజొన్న పిండిలో కలిపి, దాన్ని మొత్తంలో కలిపింది. ఆ ఉపాయం ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది.

తొమ్మిదో రోజు పొద్దున తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. బోన్ల కింద వరసలు వరసలుగా గుడ్లు. నల్లమచ్చలు, గోధుమరంగు మరకలు, ఒకదానిలా ఇంకొకటి లేదు. ఒకటి తీసి గుప్పిట పట్టుకుంది. వెచ్చగా ఉంది. చిటికెడు పొడి! ఆ చిటికెడు లేకపోబట్టే కదా వీటికి సోమరులని పేరొచ్చింది. ఇన్నేళ్లూ తన బద్ధకమనుకున్నది కూడా బద్ధకం కాదేమో. తనకూ ఏదో తక్కువైంది, అదేమిటో అడిగినవాళ్లు లేరు, అంతే.

డాక్టరమ్మ మళ్లీ వచ్చి చూసి ముచ్చటపడింది.

"నేనే దగ్గరుండి మేత మార్చానండీ," అన్నాడు భర్త.

"బాగుంది. పొడి ఎలా కలిపారు?"

అతను భార్య వైపు చూశాడు. ఇలాంటప్పుడు ఆమె మెల్లగా అందిస్తుంది, అతను గట్టిగా చెబుతాడు. ఇన్నేళ్లూ అలాగే జరిగింది. ఈసారి ఆమె అందించలేదు.

"కలిపింది నేనండీ," అంది. ఎలా కలిపిందో చెప్పింది.

"శుక్రవారం పెంపకందార్లకు శిక్షణ ఉంది. అక్కడికొచ్చి ఈ మాటే చెబుతారా?"

భర్త నవ్వాడు. "తనొచ్చేస్తే ఇక్కడ మేతెవరు వేస్తారండీ?"

"మీరు," అని, ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఎన్నింటికి రమ్మంటారండీ?"