వెనక నుంచి తీసిన సినిమా

వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే. చదివేది సినిమా. చివరి ఏడాది తీయవలసిన చిత్రానికి కథ వెతుక్కునే పని లేకపోయింది. ఒకప్పుడు గనుల కోసం కొండ మీది నుంచి తరిమేసిన తన జనం, కోర్టులో గెలిచి, సొంత నేలకు తిరిగి వెళుతున్నారు.

"ముఖాలు తీసుకురా. అవి లేకపోతే నీ సినిమా లేదు," అని గురువుగారు ముందే హెచ్చరించారు.

అందుకే తిరిగి వెళ్ళే రోజున, కొండ కింది సరిహద్దు రాయి దగ్గర ఆమె స్నేహితుడు కెమెరా భుజానికెత్తుకుని జనానికి ఎదురుగా నిలబడ్డాడు. వాళ్ళు నడిచి వస్తుంటే తను వెనక్కి వెనక్కి అడుగులేస్తూ తీయాలి.

అమ్మమ్మ ఆగిపోయింది. "ఎవడే ఈ ఎదురునడకవాడు?"

"మా కెమెరామన్, అమ్మమ్మా. మీ ముఖాలు కనబడాలిగా!"

"తరిమిన రోజున ఈ నేలకి వీపు చూపించి పోయాం. ఇవాళ ఒక్కడి వీపు కూడా అటు తిరగడానికి వీల్లేదు."

"పోనీ, మీరు వెళ్ళొచ్చి ఇంకోసారి నడుస్తారా?" అన్నాడు కుర్రాడు.

"ఫొటో బాగా రాలేదని ఇంకోసారి తాళి కడతావా, నాయనా?"

జనం గొల్లుమన్నారు. అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు. గురువుగారు సినిమా తిరగ్గొడితే ఏడాది పోతుంది; ఇంటిల్లిపాదీ ఆ పట్టా మీదే ఆశ పెట్టుకున్నారు. బతిమాలితే అమ్మమ్మ మెత్తబడుతుంది, మనవరాలి మాట ఏనాడూ తీసెయ్యలేదు. ఆ సంగతి తెలుసు కనకనే ఆమె అడగలేదు.

"ఇటు రా. అందరి వెనక నుంచి తీద్దాం."

"మరి ముఖాలో?"

"సున్నా వేస్తే నాకే వేస్తారులే. రా!"

ప్రదర్శన రోజున వాళ్ళ జనమంతా ముందు వరుసలు ఆక్రమించారు. తెర నిండా వీపులే. మూటలు మోసేవి, చెమటకు చొక్కా అంటుకుపోయినవి. గురువుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అదుగో మా మరిది! ఆ వంకర నడక ఇంకెవరిది?"

"మోకాళ్ళు పట్టేశాయన్న చిన్నక్క చూడవే, లేడిపిల్లలా ఎలా ఉరుకుతోందో!"

ఒక్క వీపునూ వదలకుండా పోల్చుకున్నారు. తెర మీద అమ్మమ్మ వంగిన నడుము కొండ ఎక్కేకొద్దీ నిటారైంది.

దీపాలు వెలిగాక గురువుగారు లేచారు. "నేను తెమ్మన్నది నువ్వు తేలేదు," అన్నారు. "తెచ్చి ఉంటే ఇది పోయేది. పాసయ్యావమ్మా."

"అవ్వక ఏం చేస్తుందయ్యా?" అంది అమ్మమ్మ, హాలంతా వినబడేలా. "అది మా పిల్ల!"