మేనత్త వాటా

చేమదుంప తొక్క మందంగా తీస్తే వదిన చూస్తుంది, చూసి ఏమీ అనదు, ఆ తొక్కను రెండు వేళ్ళతో ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టి మళ్ళీ బుట్టలో పడేస్తుంది, ఆరు వారాలుగా ఇదే వరస, నోరు విప్పి ఒక్క తిట్టు తిట్టినా బాగుండును, తిడితే అలగవచ్చు, అలగడానికి కూడా సందు ఇవ్వని మంచితనం మొగుడి అక్క అకనేసి వదినది, టోంగా నుంచి విమానం దిగిన రోజు పదకొండు మందిని వెంటేసుకుని పూలదండలతో ఎదురొచ్చింది, గరాజు ఖాళీ చేయించి పరుపులు వేయించింది, పిల్లలిద్దరికీ ఉన్ని కోట్లు కొన్నది, ఇంత చేసిన మనిషికి మేమిక్కడ ఉండం అని ఏ నోటితో చెప్పడం, చెప్పక తప్పదు, ఇవాళే, గడియారం పదింబావు చూపిస్తోంది, రేపు ఆదివారం, ఆదివారం టోంగా ఇంట్లో ఎవరూ కత్తి ముట్టరు, దుంపలు ఒలవడం, చేమాకుల్లో ఉప్పుమాంసం పెట్టి కొబ్బరిపాలు పోసి పొట్లాలు కట్టడం అంతా శనివారమే అయిపోవాలి, సియాలె చేతులు పొట్లాలు కడుతూనే ఉన్నాయి, మనసు మాత్రం దక్షిణాన తమ్ముడుండే ఓమరూ చేరిపోయింది.

ఓమరూలో చలి ఎముకలు కొరుకుతుందట, కొరకనీ, ఈ ఆక్లాండ్ గరాజు గోడకు కారే చెమ్మ కంటేనా, మూడేళ్ళ కొడుకు తోమాసి దగ్గుకు పొద్దునకల్లా వాడి పక్కటెముకలు నొప్పెడుతున్నాయి, అక్కడ బడికి పిల్లలు నడిచి వెళ్ళొచ్చని తమ్ముడు కితియోనె చెప్పాడు, మాంసం ఫ్యాక్టరీలో మొగుడు ఇసిలేలికి పని కూడా వాడే ఖాయం చేశాడు, మా ఇంట్లోనే ఉండండక్కా, ముందు గది మీకిచ్చి మేం వెనక్కి సర్దుకుంటాం అన్నాడు, అక్కడికి మూడు వీధుల అవతల ఎవరో ముసలావిడ చిన్న ఇల్లు అద్దెకిస్తానంటోందట, పిల్లలున్నవాళ్ళయితే మంచిదంటోందట, శనివారం పన్నెండు వరకే ఆగుతుందట, నీకెందుకక్కా, ఫోన్ చేసి వద్దని ఒక్క ముక్క చెప్పేయ్ అని నంబరిచ్చాడు, సియాలె కూడా వద్దనే చెబుదామనుకుంది, తోడబుట్టినవాడి ఇల్లుండగా పసిపిల్లలతో అద్దెకొంప ఏం ఖర్మ, ముందు ఈ ఇంట్లోంచి బయటపడితే చాలు, ఆ ఒక్క మాటా వదినతో ఎవరు చెప్పాలి.

చెప్పాల్సినవాడు కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు, మొగుడు మహారాజు, నిన్న కడిగిన వ్యానునే మళ్ళీ కడుగుతున్నాడు, అక్క వంటింట్లో ఉంటే ఇసిలేలి వంటింటి గడప దాటడు, అక్క టీవీ చూస్తుంటే ఆ గదిలోకి తొంగి చూడడు, టోంగాలో అక్కాతమ్ముళ్ళ మర్యాద అంత, అక్కను కాదనడమన్నది అతని పుట్టుకలోనే లేదు, అతని తండ్రికీ లేదు, తాతకూ లేదు, పొద్దున అడిగితే, నువ్వే చెప్పెయ్యవే, నేను చెబితే మర్యాదగా ఉండదు అన్నాడు, నీ మర్యాద మూటగట్టి నా నెత్తిన పెట్టు అంటే సిగ్గుగా నవ్వాడు, ఆ నవ్వు చూసి ఒళ్ళు మండింది, అదే నవ్వు చూసి పెళ్ళాడింది కదా, ఏం చేస్తుంది.

నిన్న ఫ్రిజ్ మీద ఆ కాగితం కనబడకపోతే ఇంకో వారం నాన్చేదేమో, కూతురు లూపె బడి కాగితం, సోమవారం నుంచి ఈ వీధి చివరి బడిలో, పిల్ల బాధ్యత ఎవరిది అన్నచోట అకనేసి పేరు, వదినా ఇదేమిటి అంటే, మీరు పని ఉన్నచోటికి వెళ్ళండే, నేను వద్దంటానా, పిల్ల మాత్రం నా దగ్గరుంటుంది, విమానం దిగగానే నువ్వే అన్నావుగా అంది, అన్నది, నిజమే, ఈ పిల్లలు మీ పిల్లలు వదినా, మేం మోసుకొచ్చినవాళ్ళమే అని వంగి మరీ అన్నది, మేనత్త ముందు ఏ టోంగా కోడలైనా అనే మాటే, నోటికి అలవాటైన మాట, కానీ మేనత్త ఆ మాటను పట్టుకుంటే విడిపించే మొనగాడు లేడు, మేనత్త పిల్లకు పేరు పెడుతుంది, పిల్లను అడుగుతుంది, తీసుకెళ్ళి పెంచుకుంటుంది, ఆమె మనసు నొచ్చుకుంటే తల్లికి కాన్పు కష్టమవుతుందంటారు, టోంగాలో, తమ వవావు దీవిలో తోమాసి పుట్టేటప్పుడు రెండు రోజులు నొప్పులు పడితే అత్తగారు ఆసుపత్రి వరండాలోంచి ఇక్కడికి ఫోన్ చేసి, ఏమైనా కోపముంటే వదిలెయ్యవే తల్లీ అని కూతుర్ని బతిమాలింది, అకనేసి పకపకా నవ్వి, నాకేం కోపం, నా మేనల్లుణ్ణి రమ్మనండి అంది, గంటలో వాడు బయటపడ్డాడు, నమ్మితే నమ్ము లేకపోతే లేదు, ఇప్పుడు సియాలెకు మళ్ళీ అయిదో నెల.

అమ్మా ఆకలి, రొట్టె తీసుకోనా, లూపె ఎప్పుడొచ్చిందో బల్ల పక్కన నిలబడి ఉంది, అయిదేళ్ళ పిల్ల రొట్టెముక్క అడిగితే తీసుకో అనడానికి ఎంతసేపు, సియాలె కళ్ళు తనకు తెలియకుండానే పొయ్యి దగ్గరున్న వదిన వైపు వెళ్ళాయి, పిల్ల ఆ చూపు ఎటు పోయిందో చూసింది, తల్లిని వదిలేసి అటు తిరిగింది, అత్తా, రొట్టె తీసుకోనా, తీసుకోవే బంగారూ, రెండు తీసుకో అంది అకనేసి, లూపె రెండు తీసుకుని పరుగెత్తింది, ఎంత చిన్న విషయం, ఎవరికైనా చెబితే నవ్వుతారు, సియాలెకు మాత్రం నవ్వు రాలేదు, చాలు, ఇక చాలు, కాన్పు కష్టమైతే అవనీ, నా పిల్ల ఇంకోసారి అలా మొహం తిప్పుకోవడం నేను చూడలేను.

కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది, నిలబడి చెప్పకూడదు, పెద్దదానికంటే తల ఎత్తులో ఉండకూడదు, కింద చాపమీద కూర్చుంది, వదినా, లూపె నాతోనే వస్తుంది, అందరం ఓమరూ వెళ్తున్నాం, అకనేసి గరిటె ఆపింది, ఎవరి నోటితో మాట్లాడుతున్నావే, నా తమ్ముడి నోటితోనా, కాదు వదినా, నా నోటితోనే, వ్యాను మీద నీళ్ళు పడే చప్పుడు ఆగింది, అకనేసి గరిటెతోనే తల ఊపుతూ నవ్వింది, తెలుసే తెలుసు, ఇక్కడ నా కింద ఉండలేకపోతున్నావు, అక్కడ నీ తమ్ముడి పెళ్ళాం దుంపలు ఒలుస్తుంటే నువ్వు కుర్చీలో కూర్చుంటావు, వెళ్ళు, వెళ్ళి పెద్దరికం వెలగబెట్టు.

కాదు అనబోయిన సియాలెకు తమ్ముడి మాటే అడ్డొచ్చింది, ముందు గది మీకిచ్చి, రండి వదినా, ఇల్లు మీది, పిల్లలూ మీవాళ్ళే, తమ్ముడి భార్య ఫిఫిత మొన్న ఫోన్లో అన్న మాట, ఎంత మర్యాద తెలిసిన పిల్ల అని మురిసిపోయింది అప్పుడు, ఆ గొంతు ఎక్కడ విన్నట్టుందా అని తట్టనే లేదు, విమానాశ్రయంలో తన గొంతే అది, వాళ్ళు వవావులో ఉన్నప్పుడు ఫిఫిత కొడుకు మొదటి పుట్టినరోజుకు కేకు పై అంతస్తు మేనత్త వాటా అని సియాలె బుట్టలో పెట్టించుకుని ఇంటికి తెచ్చింది, పసివాడు దానికోసం చేతులు చాపి ఏడుస్తుంటే, మేనత్తది రా కన్నా, అంటుకోకూడదు అని ఫిఫిత నవ్వుతూ వాణ్ణి ఎత్తుకుని లోపలికి పోయింది, లోపలికి పోయాక నవ్విందా, ఆ కేకు తియ్యగానే ఉంది, తాను కడుపారా తిన్నది, వదిన నిజమే చెప్పింది, కచ్చగా చెప్పినా నిజమే, ఆ ముందు గదిలో తాను చేరితే తొక్క మందం చూసేది తానే.

తమ్ముడింటికి కాదు వదినా, అద్దె ఇంటికి, అంది, ఆ మాట తనకే కొత్తగా వినబడింది, అకనేసి నవ్వు మాయమైంది, అయినవాళ్ళు రెండుచోట్ల ఉండగా అద్దె ఇల్లా, చర్చిలో నలుగురూ నా మొహాన ఉమ్మరా, నీకేం పోయేకాలమే, వెళ్ళు, వెళ్తే వెళ్ళు, మంచి జరగాలని మాత్రం నా నోటితో అనను, చెప్పలేదనకు, సరే వదినా అంది సియాలె, కడుపు మీదికి చెయ్యి పోయింది, భయం వేసింది, బాగానే వేసింది, అయినా లేచింది, పదకొండూ ఇరవై, గుమ్మంలో ఇసిలేలి, తడిచేతులతో, అక్క ఉన్న గది గడప మీద ఒక కాలు పెట్టి, లోపలికి రాలేక వెనక్కి పోలేక, వెళ్ళి లూపె బట్టలు సర్దవయ్యా అని అతనికి చెప్పి నంబరు నొక్కింది, అమ్మా, ఇల్లు మేం తీసుకుంటాం, పిల్లలు ఇద్దరు, మూడోది వస్తోంది, అవతల ముసలావిడ ఏదో పొయ్యి గురించీ కట్టెల గురించీ చెబుతోంది, సియాలె ఊ కొడుతోంది, చలి ఉంటుంది, చుట్టం ఉండడు, ఫరవాలేదు, పిల్లలు పెరగాల్సింది తల్లి ఎవరికీ భయపడని ఇంట్లో, తల్లిని చూసి ఇంకొకరు భయపడని ఇంట్లో.