రెండు సెంటీమీటర్లు లేని స్కేలు

మెకానిక్స్ ల్యాబ్‌లో లోలకం ఊపకుండానే రీడింగులు రాసెయ్యడం పాత ఆచారం. గురుత్వ త్వరణం 9.81 రావాలని అందరికీ తెలుసు. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి, అంకెలు వండి, రికార్డులో వడ్డించడమే పని. ఈ వంటలో చెయ్యి తిరిగినవాడు అదే క్లాసులోని ఒకమ్మాయి మేనబావ. పక్క బెంచీ మీద ఆవులిస్తూ పేజీలు నింపేవాడు.

ఆమె మాత్రం దారం కొలిచింది, లోలకం ఊపింది, స్టాప్‌వాచ్ నొక్కింది. ఎన్నిసార్లు చేసినా 10.01.

"నీకేమైనా పిచ్చా? అందరిలాగా రాసెయ్యవే," అన్నాడు బావ.

మెకానిక్స్ మాస్టారే స్టాటిస్టిక్సూ చెబుతారు. ఆ వారం ఆయన క్లాసందరి ఫలితాలనూ బోర్డుకెక్కించి, అంకెలు ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం కట్టమన్నారు. ఆ 9.81ల మధ్య ఆమె 10.01 ఒక్కటే మొండిగా నిలబడింది.

"ఇదెవరిది? గుంపులో కలవట్లేదు. వచ్చి కొట్టెయ్యమ్మా."

ఆమె ల్యాబ్‌లోని ఒక్కగానొక్క స్కేలు పట్టుకుని లేచింది. అరిగిన చివరను ఎవరో ఎప్పుడో కోసేశారు. అది సున్నా దగ్గర కాదు, రెండు దగ్గర మొదలవుతుంది. ఆ సంగతి ఆమె ఆ పొద్దునే కనిపెట్టింది.

"సార్, దీంతో కొలిస్తే దారం రెండు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, ఎవరికైనా పది దాటాలి. వీళ్లందరికీ 9.81 ఎలా వచ్చింది?"

క్లాసంతా పుస్తకాల్లో తల దూర్చింది. మాస్టారు స్కేలు వంక కన్నెత్తి కూడా చూడలేదు.

"నేను చదివినప్పుడూ ఇదే స్కేలమ్మా. నాకూ 9.81 వచ్చింది. కొట్టేస్తావా, ప్రాక్టికల్ వచ్చే ఏడు మళ్లీ చేస్తావా?"

ఏడాది పోతే ఇంట్లో చదువు మాన్పిస్తారు. ఆమె కొట్టేసింది. విచలనం దాదాపు సున్నా అయింది.

"చూశారా, ఎంత శుభ్రమైన ప్రయోగమో!" అని మురిసిపోయారాయన. ఆమెకు ఆయన్ని చూస్తే రోత, బావను చూస్తే రోత, సుద్ద అంటిన తన వేళ్లను చూస్తే మరీ రోత. ఎంత కడిగినా పోలేదు.

మర్నాడు ల్యాబ్‌లో మొదటి సంవత్సరం పిల్ల ఒకతె చెమటలు కక్కుతూ ఆమె దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఎన్నిసార్లు చేసినా పది దాటుతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?"

స్కేలు బల్ల మీదే ఉంది. గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నారు.

"జవాబు ముందు రాసుకో, చెల్లీ," అందామె.