స్తంభం దాటాక

చిన్నోడు కారు ముందు కుడిచక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరు మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా జరుపుకుంటూ పోతున్నాడు. గ్రిప్పు అనేది ఎక్కడా లేదు, అంతా నున్నగా అరిగిపోయింది. ఒకచోట చెయ్యి ఆగింది. అక్కడ రబ్బరు గరుకు బండకేసి రుద్దినట్టు చదునుగా తయారై, లోపలి తీగలు బయటికి పొడుచుకొచ్చాయి. ఒకటి వేలిలో దిగింది. రక్తపుబొట్టుని ప్యాంటుకి తుడుచుకుని ఎడమ చక్రం దగ్గరికి వెళ్ళాడు. అదీ అరిగిందే గానీ చుట్టూ ఒకేలా అరిగింది.

చిన్నోడని పిలుస్తారన్న మాటే గానీ అతనికి తల సగం నెరిసింది, లేచేటప్పుడు మోకాళ్ళు చప్పుడు చేస్తాయి. పెద్దోడు ఉన్నంతకాలం చిన్నోడు చిన్నోడే కదా. ఆ పెద్దోడు, అంటే షెడ్డు యజమాని అయిన అతని అన్న, పొద్దుటి నుంచి అప్పుడే ఒక సుత్తినీ రెండు స్పానర్లనీ గాల్లోకి లేపాడు. ఆ షెడ్డులో ఎగరని వస్తువు జాకీ ఒక్కటే, అదీ బరువు వల్ల. విసరడం అన్న వంతు. పడినదాన్ని వెతికి తెచ్చి మళ్ళీ అన్న చేతికే ఇవ్వడం తమ్ముడి వంతు. వెతికే శ్రమ లేకుండా నేరుగా ఒంటిమీదే వాలినవి కూడా ఉన్నాయి. ఎడమ చెవి వినపడదు, అది చెంపదెబ్బ. భుజం ఎముక వంకరగా అతుక్కుంది, అది జాకీ రాడ్డు. కనుబొమ మీది గాటు దేనివల్లో అతనికే గుర్తులేదు. ఎవరైనా అడిగితే "పనిలో తగిలింది" అంటాడు. అబద్ధమని అనలేం.

కారు డ్రాయింగు మాస్టారిది, ఆయన పెళ్ళికంటే పాతది. ఆయన గొడుగుని ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు.

"బ్రేకు తొక్కితే ముందు చక్రం బిగుసుకుపోయి బండి కుడివైపుకి ఈడ్చుకుపోతోందండీ. నిన్న వానలో వంతెన గోడ దాకా జారింది. పక్కన మా మనవరాలుంది" అన్నాడు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన వేళ్ళు గొడుగు పిడిని నలిపేస్తున్నాయి.

అన్న వచ్చి టైరుని బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. "టైర్లు బోడిగుండ్లయ్యాయి మాస్టారూ, జారక ఏం చేస్తాయి? ముందువి రెండూ మార్చేస్తా. మళ్ళీ నా మొహం చూడక్కర్లేదు."

అన్న కొత్త టైర్లు దింపడానికి అటు వెళ్ళగానే చిన్నోడు కారు ముందు భాగాన్ని జాకీ మీద లేపాడు. లోపలికి చెయ్యి పెట్టి పెడలు నొక్కి వదిలాడు. ఎడమ చక్రం తిప్పితే తిరిగింది. కుడిచక్రం రాయిలా కూర్చుంది. దాని వెనకున్న చిన్న నట్టుని కాస్త వదులు చేస్తే బ్రేకు ఆయిలు చివ్వున మొహం మీదికి చిమ్మింది, చక్రం వదిలేసింది. అంటే బ్రేకు బాగానే ఉంది. దానికి ఆయిలు తీసుకెళ్ళే రబ్బరు గొట్టం లోలోపల ఉబ్బి పూడుకుపోయింది. కాలి బలానికి ఆయిలు లోపలికి దూరుతోంది గానీ వెనక్కి రావడం లేదు. ముందే పట్టి ఉన్న చక్రం మీద మళ్ళీ బ్రేకు పడితే బిగుసుకుపోకేం చేస్తుంది? గొట్టం పైకి మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది, చిన్న పగులు కూడా లేదు.

అన్న మాట మీద మాట ఆ షెడ్డులో చెల్లదు. ఇలాంటివి దొరికినప్పుడు అన్న భోజనానికి వెళ్ళేదాకా ఆగి, గుట్టుచప్పుడు కాకుండా సరిచేసి పెట్టడం చిన్నోడికి అలవాటు. కానీ మాస్టారు కదిలేలా లేడు, టైర్లు ఎక్కగానే బండి తీసుకుపోతానంటున్నాడు. పక్క సీట్లో మళ్ళీ ఆ పిల్లే కూర్చుంటుంది.

"అన్నా, టైర్లొక్కటే కాదు. కుడివైపు గొట్టం పోయింది. అది మార్చకపోతే కొత్త టైరు కూడా..."

మాట పూర్తికాలేదు. వీల్ స్పానరు వచ్చి మోచేతికి తగిలి నేల మీద గణగణమంది. దాని వెనకే అన్న వచ్చాడు. జుట్టు గుప్పిట పట్టి తలని కారు రేకుకేసి కొట్టాడు. ఒకసారి కాదు. రేకు సొట్టపడింది. చిన్నోడి పెదవి చిట్లింది, నోట్లో ఒక పన్ను కదిలింది.

"నాకు చెప్పేంతటోడివయ్యావా? నా షెడ్డులో, గిరాకీ ముందు? నాలిక చీరేస్తా!"

కిందపడ్డాక డొక్కలో రెండు తన్నులు. షెడ్డు వెనక ఇంట్లోంచి వదిన కిటికీ మూసుకున్న చప్పుడైంది. ఇంకాసేపటికి మందు సీసా పట్టుకుని ఆవిడే వస్తుంది, ఎప్పుడూ అంతే. మాస్టారు గోడ మీది క్యాలెండరుని తేదీలు కొత్తగా కనిపెట్టినంత శ్రద్ధగా చూస్తున్నాడు. "పోనీలెండి... టైర్లే మార్చండి" అన్నాడు చివరికి, క్యాలెండరుతోనే.

ఎందుకు పడి ఉంటావురా అని చిన్నోడిని అడిగినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ నాన్నా మెకానిక్కే. తాగొచ్చి ఫ్యాను బెల్టుతో కొట్టేవాడు. బెల్టు లేవగానే అన్న తమ్ముణ్ణి నేలకి అదిమి వాడి మీద బోర్లా పడుకునేవాడు. దెబ్బలన్నీ ఆ వీపు మీద పడేవి. కింద చిన్నోడికి చప్పుడు మాత్రం వినపడేది, అన్న పళ్ళు కొరుక్కోవడం వినపడేది. ఇప్పటికీ అన్న చొక్కా విప్పితే ఆ వాతలు కనిపిస్తాయి. నాన్న పోయిన కొన్నాళ్ళకే ఆ గొంతూ ఆ చెయ్యీ అన్నకి వచ్చేశాయి. ఆ వీపు మీదికి చెయ్యెత్తడం చిన్నోడి వల్ల కాలేదు. అతనికి అన్నంటే ప్రాణం. అన్నంటే అసహ్యం కూడా. ఈ రెండింటి మధ్యా పెళ్ళి చేసుకునే వయసు దాటిపోయింది.

కొత్త టైర్లు ఎక్కాయి. ఇక సందులో పరీక్ష మిగిలింది. సందుకి ఒకవైపు పాత ఇనుము కొట్టు ప్రహరీ, ఇంకోవైపు మురిక్కాలవ, చివర షెడ్డు. బ్రేకు చూడటానికి అన్నకి ఒక సొంత పద్ధతి ఉంది, బుద్ధున్న మెకానిక్కెవడూ చేయనిది. బండిని సందు మొదటినుంచి వేగంగా రమ్మంటాడు. కరెంటు స్తంభం దగ్గర బ్రేకు గట్టిగా తొక్కాలి. తను మాత్రం బండికి ఎదురుగా, సందు మధ్యలో నిలబడతాడు. ఏ చక్రం ముందు ఆగిందో ఎదుటినుంచి చూస్తేనే తెలుస్తుందంటాడు. తర్వాత రోడ్డు మీద టైర్లు గీసిన నల్లచారల్ని వంగి చూసి, ఎక్కడ తొక్కావు, ఎలా తొక్కావు అన్నీ చెప్పేస్తాడు. స్తంభం దగ్గర తొక్కితే బండి అతనికి చాలా ఎడంగానే ఆగుతుంది. ఇన్నేళ్ళలో అతను ఒక్కసారీ పక్కకి తప్పుకోలేదు. స్టీరింగు దగ్గర కూర్చునేది చిన్నోడేగా మరి.

చిన్నోడు గేరు మార్చాడు. మోచెయ్యి అప్పటికే వాచింది. నోట్లో రక్తం ఉప్పగా ఊరుతోంది. అన్న ముందు చిన్న బొమ్మలా, తర్వాత మనిషిలా, ఆ తర్వాత బనీను మీది చిరుగుతో సహా కనిపించాడు. చేతులు నడుముకి ఆనించుకుని, చూపు చక్రాల మీద పెట్టి నిలబడ్డాడు.

స్తంభం వచ్చింది. కాలు యాక్సిలరేటరు మీంచి లేవలేదు.

స్తంభం వెనక్కి పోయింది. చిన్నోడికి భయం వేయలేదు. ఆ సమయంలో అతనికి కోపం కూడా లేదు. హాయిగా ఉంది. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువుని ఎవరో దించినట్టు ఒళ్ళంతా హాయిగా ఉంది. తర్వాత అతన్ని వణికించింది ఆ హాయే.

అన్న తలెత్తాడు. ఆ మొహంలో ఇంకా అనుమానమన్నది లేదు. తమ్ముడు ఆపుతాడు, అంతే. ఆ మొహం చూశాక కాలు పెడలు మీద పడింది. కుడిచక్రం బిగుసుకుపోయింది. టైరు గొంతు కోస్తున్నట్టు అరిచింది. బండి కుడివైపుకి తిరిగి ప్రహరీని గీసుకుంటూ పోయింది, దీపం పగిలి గాజుముక్కలు ఎగిరాయి, బంపరు వచ్చి అన్న మోకాళ్ళకి తగిలి ఆగింది. అతను బానెట్ మీదికి వాలిపోయాడు.

"చంపి పాతరేస్తా నిన్ను!" అంటూ లేచాడు. కుంటుతూ వచ్చి తలుపు లాగి, చిన్నోడి కాలరు పట్టుకుని పిడికిలెత్తాడు. అలవాటు కొద్దీ కళ్ళు రోడ్డు మీదికి పోయాయి. పిడికిలి అక్కడే నిలిచింది.

కాలరు వదిలేసి చారల వెంట నడిచాడు. అవి మొదలైన చోట ఆగాడు. వెనక్కి తిరిగి స్తంభం వైపు చూశాడు. అది చాలా దూరంగా ఉంది. వంగి ఆ నలుపుని వేలితో తాకాడు. అంతకంటే చదవడానికేమీ లేదు. తిరిగొచ్చేటప్పుడు అతని నడక ముసలివాడి నడకలా ఉంది.

"బ్రేకు పట్టలేదా?" అన్నాడు.

చిన్నోడు స్టీరింగు మీంచి చేతులు తీశాడు.

"ముందు పట్టలేదు, అంతేగా? ఆ పాడు గొట్టం వల్లేగా? నువ్వు పొద్దున్నే చెప్పావు." గొంతు బతిమాలుతోంది. "అవునని చెప్పరా."

అవునంటే సరిపోయేది. అన్న గొట్టం మారుస్తాడు, వదిన మందు రాస్తుంది, రేపు మళ్ళీ స్పానర్లు ఎగురుతాయి. ఇంకో రోజు ఇంకో బండి ఇదే సందులోకి వస్తుంది, ఆ రోజు కాలు అసలే లేవకపోవచ్చు.

"పట్టిందన్నా. నేనే తొక్కలేదు."

అన్న కొట్టలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. చిన్నోడికి ఆ అడుగు ఇన్నేళ్ళ దెబ్బలన్నింటికంటే గట్టిగా తగిలింది. అన్న కళ్ళల్లో ఉన్నది భయం. నాన్న గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆ కళ్ళల్లో ఉండే భయమే అది.

చిన్నోడు కారు దిగాడు. కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. వదిన మందు సీసాతో బయటికి వచ్చింది.

"ఎక్కడికి చిన్నోడా? భోజనం?"

"వద్దు వదినా. అన్నని చూసుకో. మోకాలికి తగిలింది."

సందు పొడుగునా వెళ్ళిపోయాడు, స్తంభం దాటి, ఇనుము కొట్టు దాటి. అన్న ఆపలేదు.

మాస్టారిని సాయంత్రం రమ్మని పంపేసి, అన్న ఒక్కడే గొట్టం విప్పాడు. కత్తితో నిలువునా చీరి చూశాడు. లోపల సూది కూడా దూరనంతగా పూడుకుపోయి ఉంది. కొత్తది బిగించాడు. ఇక అందులోని గాలి తీయాలి, దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల పెడలు తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేయాలి, అప్పుడే గాలి బుడగలై బయటికొస్తుంది. అతను వాచిన మోకాలితో బండి కింద పడుకుని, నట్టుకి సన్నటి ట్యూబు తగిలించి, దాని కొసని ఆయిలు సీసాలో ముంచాడు. స్పానరు పట్టుకుని "తొక్కరా!" అని కేకేశాడు. కాస్త ఆగి మళ్ళీ కేకేశాడు, ఈసారి మెల్లగా. వదిన గుమ్మంలో కూర్చుని విన్నది. లేవలేదు.

చక్రం పక్కన సీసాలో ట్యూబు కొస మునిగే ఉంది, ఒక్క బుడగా పైకి రాలేదు.